గరుకెంతో చెప్పరేం?

చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్తాం. చిగురు పక్కన పన్ను అరిగిందంటారు. నాలుగు చోట్ల ఫిల్లింగు పెట్టి, సెన్సిటివిటీ పేస్టు రాసిస్తారు. ఏ బ్రష్షు, ఏ పొడి, ఎంత బలంగా తోముతావు, నిద్రలో పళ్ళు కొరుకుతావా, పుల్లటి తేన్పులొస్తాయా అని అడిగే తీరిక ఎందరికుంది? కారణం అలాగే ఉండిపోయాక ఆ ఫిల్లింగు ఊడొస్తే వింతేముంది!

ఓసారి అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తండి. కుడిచేతి వాటమైతే ఎడమవైపు పైకోర, దాని వెనక రెండు పళ్ళు చూడండి. చిగురు అంచు నుంచి వేలిగోరు మెల్లగా కిందికి జార్చండి. గోరు తట్టుకుని ఆగిందంటే, అక్కడో గాటు ఉన్నట్టే. కాస్త పచ్చగా, నున్నగా మెరుస్తుంటుంది. తరచూ అది పుచ్చు కాదు, అరుగుదల. పన్ను మెడ దగ్గర ఎనామిల్ కాగితమంత పలచన. చిగురు దిగిపోతే బయటపడే వేరుకైతే ఆ కవచమే లేదు. కింద ఉన్న డెంటిన్‌లో సన్నటి గొట్టాలుంటాయి. చల్లదనం తగలగానే వాటిలోని ద్రవం కదిలి నరాన్ని లేపుతుంది. జివ్వుమనేది అందుకే.

దంతవైద్య పరిశోధకుడు మిల్లర్ పీకేసిన పళ్ళను రకరకాల పొడులతో తోమించి చూసి, కోత ఎక్కడిదో 1907లోనే రాశాడు. ఉత్త బ్రష్షు పెద్దగా కోయదు. కోసేది దానికి అద్దిన గరుకు. ఈ గరుకును కొలిచే అంకె ఒకటుంది, ఆర్‌డీఏ. ఒక ప్రామాణిక పొడి డెంటిన్‌ను అరగదీసే తీరును 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం 250 దాకా ఒప్పుకుంటుంది. మీ ఇంట్లో ఉన్న ట్యూబు తిప్పి చూడండి. ధర ఉంటుంది, బరువు ఉంటుంది, వేప బొమ్మో లవంగం బొమ్మో ఉంటుంది. ఆ అంకె కోసం మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే!

తెల్లదనం పేరుతో గరుకు అమ్ముతారు. బ్రష్షు ఈ చివర్నుంచి ఆ చివరికి పేస్టు వంపులు తిరిగేలా ప్రకటనలో చూపిస్తారు, నిజానికి బఠాణీ గింజంత చాలు. పళ్ళు అరిగి జివ్వుమన్నాక అదే దుకాణంలో, అదే అరలో ఉపశమనం పేస్టు రెట్టింపు ధరకు పెడతారు. పిల్లాణ్ణి గిల్లి ఉయ్యాలూపడమంటే ఇదే.

మా తాత ఇటుకపొడితో, బొగ్గుతో తోముకున్నాడు, ఆయనకేమైందని వాదించేవాళ్ళూ తగులుతారు. ఏమైందో ఆ తాత నోట్లోకి ఎవరు తొంగి చూశారు గనక? ఆ బొగ్గే ఇప్పుడు నల్లటి ట్యూబులో, ఖరీదైన సరుకుగా తిరిగొచ్చింది.

పాపమంతా పేస్టుదే అననులెండి. పరగడుపున నిమ్మరసం పిండుకు తాగి, ఆ వెంటనే బ్రష్షు పట్టేవాళ్ళున్నారు. పులుపు పెరిగి పీహెచ్ 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. వేరుకు అంత పులుపు కూడా అక్కర్లేదు. నిమ్మరసం, కోలా 2, 3 మధ్య ఉంటాయి. పులుపుకు మెత్తబడ్డ పన్ను మీద గరుకు పడితే ఇంకేం మిగులుతుంది? నోరు పుక్కిలించి అరగంట ఆగమని నిమ్మరసం తాగమనే ఆరోగ్య వీడియోల వాళ్ళు చెప్పరు. పళ్ళు కొరకడం వల్ల మెడ దగ్గర ఒత్తిడి చేరి పెచ్చులూడుతుందనే వాదం కూడా ఉంది. 1991లో గ్రిప్పో అనే దంతవైద్యుడు దానికి ఆబ్‌ఫ్రాక్షన్ అని పేరు పెట్టాడు. ఆ తగువు నేటికీ తెగలేదు.

గరుకు విషయంలో అలాంటి తగువేమీ లేదు. బిస్కెట్ పొట్లం మీద చక్కెర ఎంతో అచ్చువేయించగలిగిన ప్రభుత్వానికి, రోజుకు రెండుసార్లు నోట్లో పెట్టుకునే సరుకు మీద ఒక్క అంకె వేయించడం చేతకాదా? కంపెనీల దగ్గర ఆ లెక్క లేకపోతే ఏ ధైర్యంతో అమ్ముతున్నారు? ఉంటే ఎందుకు దాస్తున్నారు?