బిడ్డ నోరు కట్టకండి, అనుమానం తేల్చండి

తల్లులకు, తండ్రులకు, ఇంట్లో పసిపిల్లలున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు, అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లల డాక్టర్లకు నా విన్నపం.

ఆరు నెలలు నిండి ఉగ్గు మొదలుపెట్టగానే కొన్ని ఇళ్లలో ఒక భయమూ మొదలవుతుంది. ఉడికించిన గుడ్డు నలిపి పెట్టిన గంటకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. గోధుమ జావ తాగిన పూట వాంతి అవుతుంది. "దిష్టి తగిలింది, ఉప్పుతో తీసెయ్యండి" అంటారు ఒకరు. "వేడి చేసింది" అంటారు ఇంకొకరు. "వీడికి ఏదీ పడటం లేదు, పాలూ గుడ్డూ పప్పూ అన్నీ ఆపెయ్యండి" అంటారు మరొకరు. అందరూ బిడ్డ మేలు కోరేవాళ్లే. కానీ దిష్టి అనుకుంటే నిజమైన అలర్జీ మరుగున పడిపోతుంది. అన్నీ ఆపేస్తే, లేని అలర్జీకి బిడ్డ అర్ధాకలితో ఉండిపోతుంది.

అనుమానం వస్తే కొట్టిపారేయకండి. అలాగని ఏళ్ల తరబడి దాన్ని అనుమానంగానే మోయకండి. తేల్చుకోండి. నేను అడిగేది ఇదే.

ముందు ప్రాణం సంగతి. తిన్న నిమిషాల నుంచి రెండు గంటల లోపు నాలుక వాచినా, ఏడుపు బొంగురుపోయినా, దగ్గు ఆగకపోయినా, పిల్లికూతలు వినిపించినా, దద్దుర్లతో పాటు పదేపదే వాంతులవుతున్నా, బిడ్డ పాలిపోయి మెత్తగా వాలిపోయినా క్షణం ఆగకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తండి. బిడ్డను భుజాన నిలువుగా వేసుకోకుండా చేతుల్లో పడుకోబెట్టి పట్టుకోండి. నీళ్లు పట్టకండి, గొంతులో వేలు పెట్టి కక్కించకండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ దద్దుర్లు తగ్గించగలదేమో గానీ ఊపిరి నిలబెట్టలేదు. ఒకసారి ఇంత జరిగాక, ఆ పదార్థాన్ని "మళ్లీ కొంచెం పెట్టి చూద్దాం" అని ఇంట్లో ప్రయత్నించకండి.

ఆలస్యంగా బయటపడే రకాలూ ఉన్నాయి. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటలకు వాంతులు మొదలై ఆగవు, బిడ్డ సొమ్మసిల్లుతుంది. దద్దుర్లు కనిపించవు కనుక అజీర్తి అనుకుంటారు. ఆవుపాలు, సోయాతో పాటు, మనం అన్నింటికన్నా నిరపాయం అనుకునే బియ్యం కూడా దీనికి కారణం కావచ్చు. ఇలా జరిగినా వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి. పాల వల్ల కొందరు పిల్లల మలంలో నెత్తుటి చారలు కనిపిస్తాయి. దాన్ని డాక్టరుకు చూపించాలి.

అలర్జీలా కనిపించి అలర్జీ కానివి కూడా చాలా ఉన్నాయి. టమాటా, నిమ్మరసం, చింతపండు పులుసు తగిలిన చోట మూతి చుట్టూ ఎర్రబడి కాసేపట్లో పోతే అది చాలాసార్లు చర్మానికి పులుపు తగిలిన మంటే. విరేచనాలు పట్టి తేరుకున్న బిడ్డకు కొన్నాళ్లు పాలలోని చక్కెర అరగకపోవచ్చు. అది తాత్కాలికం. పాల అలర్జీలో జరిగేది వేరు. అక్కడ ఒంట్లోని రక్షణ వ్యవస్థ పాల ప్రొటీన్‌ను శత్రువు అనుకుని తిరగబడుతుంది. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు.

ఈ తేడా డాక్టరు పట్టుకోవాలంటే మీ దగ్గర వివరం ఉండాలి. అందుకే ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఏం పెట్టారు, ఎంత పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, ఎంతసేపటికి ఏం కనిపించింది, ఎంతసేపు ఉంది అన్నవి రాయండి. దద్దుర్లు డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమవుతాయి కనుక ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. పొట్లం ఆహారమైతే పొట్లం పారేయకండి. బిడ్డకు ఎవరు తినిపించినా, అమ్మమ్మయినా ఆయా అయినా, రాయడం తప్పనిసరి చేయండి.

కొత్త పదార్థం ఒకసారికి ఒక్కటే పెట్టండి. ఉదయం పూట, బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు, చెంచా కొసతో మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూస్తూ పెంచండి. జ్వరం ఉన్న రోజు, టీకా వేయించిన రోజు వద్దు. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిసి ఉంటాయి. అది మంచి ఆహారమే. అయితే అలర్జీ అనుమానం ఉన్న బిడ్డకు అదే మొదటి ఉగ్గయితే ఏది పడలేదో ఎవరూ చెప్పలేరు. ఆ మూడూ విడివిడిగా తినిపించి చూశాక బాలామృతం కలపండి. టీచరుకు ముందే విషయం చెప్పండి. బజారు డబ్బాల మీద గోధుమ, పాలు, గుడ్డు, వేరుశనగ, సోయా, చేపలు, జీడిపప్పు లాంటి గింజలు ఉంటే ఆ సంగతి వేయాలని మన దేశపు లేబుల్ నిబంధనలే చెబుతున్నాయి. చదివి కొనండి.

బంధువులకు ఒక మాట. అన్నప్రాశన రోజు పరమాన్నం నాలుకకు రాస్తే సంబరం తీరుతుంది. వచ్చినవాళ్లంతా తలో ముద్ద పెట్టక్కర్లేదు. "ఒక్క ముక్కకి ఏమవుతుంది" అని తల్లి చూడకుండా పెట్టకండి. అలర్జీ ఉన్న బిడ్డకు ఆ ఒక్క ముక్కే చాలు.

ఆవుపాలు పడలేదని గేదెపాలకు, మేకపాలకు మారేవాళ్లున్నారు. ఈ పాల ప్రొటీన్లు ఒకదాన్నొకటి బాగా పోలి ఉంటాయి కనుక ఒకటి పడని బిడ్డకు మిగతావి కూడా సాధారణంగా పడవు. తల్లిపాలు మాత్రం ఆపకండి. తల్లి తిన్న పాలు, పెరుగు వల్ల ఇబ్బంది అని డాక్టరు అనుమానిస్తే ఆమెను రెండు నుంచి నాలుగు వారాలు అవి మానమంటారు. ఆ తర్వాత మళ్లీ తిని చూడమంటారు. చాలామంది ఈ రెండో మెట్టు ఎక్కరు. బిడ్డ కాస్త తేరుకోగానే "పాల వల్లే" అని నిర్ణయించుకుంటారు. మళ్లీ తిన్నప్పుడు అదే ఇబ్బంది తిరిగి వస్తేనే అనుమానం రుజువైనట్టు. అప్పుడు పాలు మానిన తల్లికీ కాల్షియం కావాలి.

పరీక్షల పేరుతో డబ్బు పోగొట్టుకోకండి. వందల పదార్థాలకు ఒకేసారి చేసే ఐజీజీ రక్తపరీక్షలు అలర్జీని నిర్ధారించలేవు. అలర్జీ నిపుణుల సంఘాలే వాటిని వద్దన్నాయి. ఐజీఈ రక్తపరీక్ష, చర్మం మీద చేసే పరీక్ష పనికొస్తాయి, కానీ బిడ్డకు జరిగినదానితో కలిపి చూసినప్పుడే. కాగితం మీద పాజిటివ్ వచ్చినంత మాత్రాన, హాయిగా తింటున్న పదార్థాన్ని మాన్పించకూడదు. ఇంకా సందేహం ఉంటే ఆసుపత్రిలో డాక్టరు కళ్లెదుట కొంచెం కొంచెంగా తినిపించి చూడటమే చివరి తీర్పు.

భయపడి ఆలస్యం చేస్తే అలర్జీ రాదన్న నమ్మకం కూడా నిలబడలేదు. అలర్జీ వచ్చే అవకాశమున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశనగ మూడేళ్ల దాకా వద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో చెప్పింది. 2008లో ఆ సలహా వెనక్కి తీసుకుంది. పసితనం నుంచే వేరుశనగతో చేసిన బంబా అనే చిరుతిండి తినే ఇజ్రాయెల్ పిల్లలకన్నా, బ్రిటన్‌లో పెరుగుతున్న యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ పదింతలు ఉందని అదే ఏడాది బయటపడింది. ఆ తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ గిడియన్ లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా (దురదతో చర్మం పగిలే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను పరిశీలించింది. చిన్నప్పుడే వేరుశనగ తిన్నవాళ్లలో అయిదేళ్లకు ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా ఉందని 2015లో ప్రకటించింది. అనంతపురం పల్లీలు తినే మనకు ఇది దగ్గరి విషయమే. మెత్తగా నూరిన పల్లీ ముద్దను జావలో పలచగా కలిపి పెట్టవచ్చు. గింజలుగా మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగండి.

ఎగ్జిమా ఉన్న చర్మానికి శనగపిండి నలుగు, పాలమీగడ రాయకండి. నోటి ద్వారా లోపలికి వెళ్లిన ఆహారానికి ఒళ్లు అలవాటు పడుతుందనీ, పగిలిన చర్మం గుండా వెళ్లినదానిపై తిరగబడే అవకాశం ఎక్కువనీ పరిశోధకులు భావిస్తున్నారు.

డాక్టర్లకు ఒక ప్రార్థన. "ఇది మానండి" అని రాసినప్పుడు ఆ పక్కనే రెండు మాటలు కలపండి: ఎప్పటిదాకా మానాలి, బదులుగా ఏం పెట్టాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది నూటికి 11 మందికే. అలాంటి దేశంలో ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు ఊహ మీద తీసేయడం చిన్న సంగతి కాదు. పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెరిగేకొద్దీ వాటిని తట్టుకోగలుగుతారు. మళ్లీ చూడకపోతే ఆ సంగతి తెలిసేదెలా?

ఈ వారం ఒక పని చేయండి. మీ బిడ్డకు మాన్పించిన పదార్థాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఎవరు మానమన్నారో, ఏం జరిగితే మానారో, బదులుగా ఏం పెడుతున్నారో, మళ్లీ ఎప్పుడు చూడాలో రాయండి. ఖాళీలు మిగిలితే ఆ కాగితం తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పడనిది ఏదో తెలిస్తే జాగ్రత్త పడగలం. పడేదని తెలిస్తే కడుపు నిండా పెట్టగలం.