కాపరికి తోడెవరు?

తెలుగు క్రైస్తవ సమాజంలో తరచుగా వినిపించే మాటల్లో 'సహవాసం' ఒకటి. పాస్టర్ల ఫెలోషిప్‌లు అనేక మండలాల్లో ఉన్నాయి. నెలకోసారి ప్రార్థన, వాక్యోపదేశం, భోజనం, డిసెంబరులో ఐక్య క్రిస్మస్ జరుగుతాయి. వీటి అవసరాన్ని నేను కాదనను. కానీ దళితవాడలో చిన్న మందిరాన్ని నడిపే పాస్టర్ మంచాన పడితే, అతనిపై దాడి జరిగితే, అతను మరణించి భార్యాబిడ్డలు దిక్కులేనివారైతే ఆ సహవాసం ఏం చేస్తుంది? దీన్ని కేవలం మత విషయంగా భావించి పక్కన పెట్టలేం. నా దృష్టిలో ఇది ప్రధానంగా కుల ప్రశ్న.

తెలుగు నేలపై క్రైస్తవం వ్యాపించిన తీరే అందుకు కారణం. 1866లో ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ అనే మాదిగ దంపతులు బాప్తిస్మం పొందారు. తోళ్ల వ్యాపారం చేసే పేరయ్య పల్లెపల్లెకూ తిరిగి తనవారికి సువార్త చెప్పారు. 1878 జూలైలో గుండ్లకమ్మ తీరాన ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఉద్యమానికి చరిత్రలో జాన్ క్లౌ పేరు స్థిరపడింది. దాన్ని పల్లెల్లో మోసిన మాదిగ బోధకుల్లో అత్యధికుల పేర్లు మనకు దక్కలేదు. సంఘాన్ని కట్టినవారు ఒకరు, గుర్తింపు పొందినవారు మరొకరు కావడం అప్పటినుంచీ ఉన్నదే.

ఈ అంతరాన్ని బహిరంగంగా ప్రశ్నించినవారు లేకపోలేదు. తిరునెల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో సేవ చేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారికీ స్వదేశీ సేవకులకూ నడుమ నిజమైన స్నేహం కొరవడిందని నిర్మొహమాటంగా చెప్పారు. రెండేళ్ల తరువాత, 1912లో, ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. నాడు తెల్లదొరను అడిగిన ఆ ప్రశ్నను నేడు మనలో మనం వేసుకోవాలి. నగరంలోని పెద్ద సంఘ నాయకుడికీ పల్లెలోని దళిత పాస్టర్‌కూ మధ్య ఉన్నది స్నేహమా, దాతృత్వమా?

పల్లె పాస్టర్ల స్థితి ఒకే తీరుగా లేదు. పాత మిషన్ల నుంచి వచ్చిన పెద్ద సంఘాల్లో జీతం, ఎంతో కొంత భద్రత ఉన్నాయి. స్వతంత్ర సంఘాల కాపరికి ఆదివారపు కానుకలే ఆధారం. ఆ కానుకలిచ్చేది వ్యవసాయ కూలీలు. పనులు లేక వారు వలసపోతే మందిరంతో పాటు పాస్టర్ ఇంట్లో పొయ్యి కూడా చల్లారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ప్రకటించిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఊరటే. అయితే అది ఏలికల దయతో ముడిపడినంత కాలం హక్కుగా మారదు.

చట్టం వైపు చూస్తే పరిస్థితి మరింత కఠినం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో వారిని బీసీ-సీలో ఉంచి 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. తనను కులం పేరుతో దూషించి దాడి చేశారని ఒక పాస్టర్ పెట్టిన కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. క్రైస్తవంలోకి మారి పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడన్నది ఆ తీర్పు సారాంశం. తిట్టేవాడికి గుర్తున్న కులం చట్టానికి కనిపించకుండా పోతోంది. అలాంటి మనిషికి తోటి సేవకులే తొలి ఆసరా కావాలి.

కానీ ఆ ఆసరా లోపలే కులం తిష్ఠ వేసింది. మాలల సంఘం, మాదిగల సంఘం అనే గుర్తింపులు చెరగలేదు. వేదికపై కుర్చీల వరుసలోనూ, పిల్లల పెళ్లి సంబంధాల్లోనూ అది బయటపడుతుంది. కులం మాట ఎత్తితే సంఘం చీలుతుందని కొందరు పెద్దలు వారిస్తారు. చీలిక ముందే ఉంది. దాని పేరు పలకడం వల్ల కొత్తగా పుట్టదు.

కాబట్టి సహవాసానికి ఆచరణ రూపం ఇవ్వాలి. పెద్ద సంఘాలు ఆదాయానికి తగినట్టు ఎక్కువగా, చిన్నవి నామమాత్రంగా చెల్లించే ఉమ్మడి నిధి ఏర్పడాలి. దాని లెక్కలు సభ్యులందరి ముందుకు రావాలి. వైద్యం, పిల్లల చదువు, పాస్టర్ మరణిస్తే కుటుంబ పోషణ ఆ నిధి తొలి బాధ్యతలు. అధ్యక్ష పదవి మాల, మాదిగ, ఆదివాసీ సేవకుల మధ్య మారుతూ ఉండాలి. ఒకరి మందిరంలో మరొకరు బోధించాలి. పాస్టర్ల భార్యలు, స్త్రీ సువార్తికులు వంటశాలకు పరిమితం కాకుండా ఓటున్న సభ్యులు కావాలి. పరాయి భాషా ప్రాంతాలకు మిషనరీలను పంపే సంఘాలు, వారు అలసి తిరిగి వచ్చినప్పుడు తలదాచుకునే చోటు కూడా చూపాలి. అప్పులనూ మనోవేదననూ దాచుకోకుండా చెప్పుకోగల, చెప్పినది బయటికి పొక్కని చిన్న బృందాలు ఉండాలి.

దాడులు జరిగినప్పుడు న్యాయవాదులతో, దళిత హక్కుల సంఘాలతో చేయి కలపడానికి సంకోచం అక్కర్లేదు. ఇదంతా మతమార్పిడి యంత్రాంగమని వేలెత్తి చూపేవారు ఉంటారు. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. కార్మికులకూ ఉద్యోగులకూ ఉన్న ఆ హక్కు పాస్టర్‌కు ఎందుకు ఉండకూడదు?

విద్యార్థి ఉద్యమాలు దీన్ని చర్చి గోడల లోపలి వ్యవహారంగా చూడటం మానుకోవాలి. విశ్వవిద్యాలయాలకు వస్తున్న తొలి తరం దళిత విద్యార్థుల్లో పాస్టర్ల పిల్లలూ ఉన్నారు. వారి ఇళ్లలోని అభద్రత దళిత ఉద్యమ ఎజెండాలోకి రావాలి. ఇక ఫెలోషిప్‌ల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే నెల సమావేశంలో ప్రార్థన ముగిశాక, గత ఏడాది మనలో ఎవరు ఆసుపత్రి పాలయ్యారు, ఎవరు అప్పుల పాలయ్యారు, ఎవరు దెబ్బలు తిన్నారు అని అడిగి, ఆ జాబితా రాయండి. సహవాసం పని అక్కడ మొదలవుతుంది.