సర్కారు పని, సొంత ఫోన్

శ్రీ పయ్యావుల కేశవ్ గారికి,
రాష్ట్ర ఆర్థిక శాఖ మంత్రి, ఉరవకొండ శాసనసభ్యులు



ఒకటో తారీఖు పొద్దున్నే మా వీధుల్లో పింఛను పంచడం మీరూ చూసే ఉంటారు. సచివాలయం ఉద్యోగి చేతిలో ఫోన్, దానికి వైరుతో తగిలించిన వేలిముద్రల మిషన్, చంకన డబ్బు సంచి. మగ్గం నేసి అరిగిన వేలు, శనక్కాయ ఒలిచి అరిగిన వేలు ఆ మిషన్ మీద ఒక పట్టాన పడవు. అవ్వ కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడువేలు కాకపోతే బొటనవేలు. ఈలోగా సిగ్నల్ పోతుంది. మళ్లీ మొదటినుంచి. ఫోన్‌లో చార్జింగ్ ఉంటేనే అవ్వ చేతికి నాలుగు వేలు.

సర్కారు పని ఇంతగా ఫోన్ మీదికి ఎక్కింది. కానీ ఆ ఫోన్ ఎవరు కొనాలి, రీచార్జి ఎవరు చెయ్యాలి, ఏ వేళ దాకా మోగాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అనేది ఉద్యోగులందరికీ వర్తించేలా ఒక్కచోట రాసిపెట్టిన నియమం ఏదీ మా కంట పడలేదు. ఈ పద్దుకు డబ్బు ఇవ్వగలిగింది మీ శాఖే. ఓటేసిన ఊరివాళ్లం కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాం.

జనం వైపు నుంచి ఉన్న ఫిర్యాదు ముందుగా చెప్పాలి. కూలి పోగొట్టుకుని బెళుగుప్ప నుంచో విడపనకల్లు నుంచో వచ్చిన మనిషి కౌంటర్ ముందు నిలబడి ఉంటే, లోపలి మనిషి తల ఎత్తకుండా ఫోన్‌లో వీడియోలు చూడటం తప్పు. అందులో రెండో మాట లేదు. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎస్.ఎం. సుబ్రమణ్యం గారు, పనివేళల్లో ప్రభుత్వ ఉద్యోగులు సొంత అవసరాలకు ఫోన్ వాడకుండా నిబంధనలు తీసుకురమ్మని తమిళనాడు ప్రభుత్వాన్ని ఆదేశించారు. ఆఫీసులో తోటివాళ్లను వీడియో తీసిన ఆరోగ్య శాఖ ఉద్యోగి కేసులో ఆ మాట వచ్చింది. మనకూ అలాంటి కట్టడి కావాలి.

అయితే ఉట్టి నిషేధం ఎంత దూరం పోతుందో మన బడులే చూపించాయి. 2022 ఆగస్టులో టీచర్లు ముఖం చూపించి యాప్‌లో హాజరు వేయాలన్నారు, అదీ సొంత ఫోన్‌తోనే. సరిగ్గా ఏడాదికి, 2023 ఆగస్టులో, క్లాసుకు పోయేముందు ఫోన్ హెడ్మాస్టరుకు అప్పగించమన్నారు. రెండు ఆదేశాల వెనకా కారణం ఉంది. కానీ ఫోన్ ఆ టీచరు సొంత వస్తువా, సర్కారు పనిముట్టా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. మీ ప్రభుత్వం వచ్చాక టీచర్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించడం మానిపించారు, బడి యాప్‌లన్నీ లీప్ అనే ఒక్క యాప్‌లోకి తెచ్చారు. మంచి పని చేశారు. మిగతా శాఖలకూ ఆ చూపు కావాలి.

అంగన్‌వాడీలకు ఫోన్లు మేమే ఇచ్చాం కదా అంటారేమో. ఇచ్చారు. కానీ 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో, యాప్‌లన్నీ కలిపి ఒకటి చెయ్యండని కూడా వాళ్లు అడిగారు. జీతం కోసం రోడ్డెక్కిన ఆడకూతుళ్లు యాప్ గురించి కూడా అడిగారంటే ఆ భారం ఎంతో ఆలోచించండి. ఫోన్ ఒకసారి కొనిచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. యాప్ బరువు ఏటా పెరుగుతుంది, ఫోన్ ఏటా పాతబడుతుంది. బాగుచేయడానికీ మార్చడానికీ డేటాకూ ప్రతి బడ్జెట్‌లో డబ్బు ఉండాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇంకొకటి. మా ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం ఏ పనికి పోయినా ఎవరో ఒకరు ఫోన్‌తో ఫొటో తీసుకుంటారు. అది వాళ్ల గ్యాలరీలో, పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య ఉండిపోతుంది. అక్కడినుంచి వాట్సాప్ గ్రూపులోకి పోతుంది. ఆ ఉద్యోగి రేపు పాత ఫోన్ అంగట్లో ఇచ్చి కొత్తది తెచ్చుకుంటే మా కాగితాలు ఎవరి చేతికి పోతాయి? పౌరుల డేటాకు రక్షణగా 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో, పరికరాల్లో చాట్‌జీపీటీ లాంటివి వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. ఢిల్లీలో ఫైళ్ల గురించి అంత జాగ్రత్త ఉన్నప్పుడు వజ్రకరూరు రైతు పాసుపుస్తకానికీ కొంతైనా ఉండాలి.

ఆ వాట్సాప్ గ్రూపుల్లోనే ఉద్యోగులకు ఆదేశాలూ వస్తాయి, రాత్రి పదికైనా సరే. పొద్దున్నే ఆ మెసేజ్ డిలీట్ అయిపోతే చెప్పినవాళ్లు తప్పించుకుంటారు, చేసిన చిన్న ఉద్యోగి ఇరుక్కుంటాడు. మీరు ప్రజాపద్దుల కమిటీకి అధ్యక్షులుగా చేసినవారు, కాగితం లేని ఆదేశం తనిఖీకి ఎలా దొరుకుతుందో మీకంటే ఎవరికి తెలుసు? తుఫాను, వరద వంటి వేళల్లో రాత్రి ఫోన్ తప్పదు. మామూలు రోజు లెక్కల కోసం అర్ధరాత్రి నిద్ర లేపడం మాత్రం ఆపించండి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళలు అయ్యాక ఫోన్‌కు దూరంగా ఉండే హక్కు చట్టంలోనే ఉంది.

ఫోన్ ఉంటే మోసం ఆగుతుందన్న నమ్మకం ఏమైందో కూడా ఈ జిల్లావాళ్లం చూశాం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలో మొదలైంది. 2023 జనవరి నుంచి పనిచోట కూలీలకు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు. ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. నిజాయితీగా పనిచేసేవాళ్లు మాత్రం ఎండలో సిగ్నల్ కోసం గట్లెక్కి తిరిగారు.

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. తహశీల్దారుకు ఆఫీసు నంబరు ఉంటుంది, మనిషి బదిలీ అయినా నంబరు కుర్చీతోనే ఉంటుంది. ఆ పద్ధతినే కింది ఉద్యోగి దాకా తెండి. పనికి సర్కారు సిమ్ము, సర్కారు ఫోన్. మా కాగితాలు దాంట్లోనే తీయాలి, పని అయ్యాక తుడిచేయాలి. కౌంటర్‌లో కూర్చున్నంతసేపూ సొంత ఫోన్ సొరుగులో ఉండాలి. ఇంట్లో ఆపద వస్తే ఆ ఆఫీసు నంబరుకే కబురొస్తుంది.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమంటే ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు, బెళుగుప్ప, కూడేరు, ఈ ఐదు మండలాల్లో మొదలుపెట్టండి. ఖర్చెంతో లెక్క కట్టించి, వచ్చే బడ్జెట్‌లో ఆ పద్దు పెట్టండి.

ఇట్లు,
ఉరవకొండ వాసి