బద్ధకం కాకపోవచ్చు

"మూడు పనులు చెబితే ఒకటే చేస్తాడు డాక్టరుగారూ, ఒట్టి బద్ధకం" అంటారు తల్లులు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉందా అంటే మాత్రం పెదవి విప్పరు. మేనమామకు ఉందని బయటపడితే పెళ్ళిసంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ దాపరికం బిడ్డకే నష్టం.

రక్తసంబంధీకుల్లో ఈ జబ్బుంటే, జబ్బులేని పిల్లల్లో కూడా కొందరికి విన్నది గుర్తుంచుకోవడం కష్టమవుతుంది. స్కాట్లాండులోని ఎడింబరోలో 1994లో మొదలైన పరిశోధనలో 16-25 ఏళ్ళవారిలో ఇది కనబడింది. కంగారుపడకండి. తల్లికో తండ్రికో ఈ జబ్బున్నా, పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమందికి అది రాదు.

తిట్టకండి. ఒక్కొక్క పనే చెప్పండి, చీటీ రాసివ్వండి. గంజాయి జోలికి పోనివ్వకండి (ఇది అన్నిటికన్నా ముఖ్యం). నిద్ర చెడి, అందరికీ దూరమై, చదువు ఒక్కసారిగా పడిపోతే తీసుకురండి. వచ్చినప్పుడు మేనమామ సంగతీ చెప్పండి.