నాలుకకు తీపి తెలియకపోతే షుగర్ తగ్గినట్టేనా?

పొడపత్రి ఆకులు రెండు బాగా నమిలి, చిటికెడు పంచదార నోట్లో వేసుకోండి. తీపి తెలియదు, ఇసుక నమిలినట్టు ఉంటుంది. ‘నోట్లో చక్కెరను చంపినట్టే ఒంట్లో షుగర్‌నూ చంపుతుంది’ అంటారు పొడి అమ్మేవాళ్లు. కళ్లెదుట జరిగింది గనక చదువుకున్నవాళ్లూ నమ్మేస్తున్నారు. అసలు సంగతేమిటంటే, ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే కణాలకు కాసేపు అడ్డుపడతాయి, అంతే. పంచదార మాత్రం కడుపులోకీ, అక్కడినుంచి రక్తంలోకీ చేరుతుంది.

మొక్కల్లో మందు గుణం లేదని నేననను. షుగర్‌కు డాక్టర్లు సాధారణంగా మొదట రాసే మెట్‌ఫార్మిన్ మూలాలు ఐరోపాలోని గలేగా మొక్కలో ఉన్నాయి. అందులోని గలెజిన్ రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది, కానీ విషం. ఆ మొక్క మేసి గొర్రెలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఆ కోవకే చెందిన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్రెంచి వైద్యుడు జాఁ స్టెర్న్ రోగుల మీద దాని ఫలితాలను 1957లో ప్రచురించాడు. అమెరికాలో అనుమతి రావడానికి 1994 దాకా పట్టింది. ఆకు మందు కావాలంటే అన్నేళ్ల పరీక్ష కావాలి.

మన మెంతులనూ పరీక్షించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇన్సులిన్ వాడుతున్న కొద్దిమంది రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండి ఇస్తే చక్కెర తగ్గిందని 1990లో రాశారు. ఇచ్చింది రోజుకు 100 గ్రాములు! పరగడుపున తాగే చెంచాడు మెంతుల నీళ్లకు ఆ ఫలితాన్ని అంటగట్టడం మోసం. కాకరరసం సంగతీ అంతే. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను 2012లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు జల్లెడపట్టి, ఆధారాలు చాలవని తేల్చారు. కూరగా తినండి, మంచిదే. మందుగా నమ్ముకోకండి.

నన్ను భయపెట్టేది ఈ పొడులను నమ్మి మాత్రలు మానేయడం. షుగర్ పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు. అందుకే పొడి పనిచేస్తోందనుకుంటారు. ఈలోగా కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గిన కాలికి చెప్పు కరిచినా తెలియదు. చిన్న పుండు ముదిరి, వేలు తీసేయాల్సి వస్తుంది. కొన్ని మూలికా పొడుల్లో అల్లోపతి షుగర్ మందులే రహస్యంగా కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది కూడా.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటన కనబడితే ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి. ఇంట్లో ఎవరైనా ఆకులు, పొడులు వాడుతుంటే డాక్టరుకు దాచకండి. మూడు నెలలకోసారి, రక్తంలో చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానవద్దు.