సంగీతయాత్రలో రాజసౌధం

సంగీతయాత్ర పేరిట రాజసౌధాలకు వెళ్ళి, చూసిన వస్తువులను లెక్కించుకొని తిరిగిరావడం పరిపాటి అయినది. ఇటీవల చౌమహల్లాకు వెళ్ళిన మా విద్యార్థి బృందమూ ఖిల్వత్ ముబారక్‌లోని బెల్జియం స్ఫటికదీపాలకు, పాలరాతి వేదికకు, ఉద్యానంలోని ఫౌంటెన్లకు ముగ్ధమయినది. కాని నిజాముల కొలువులో పాడినదెవరన్న ప్రశ్నకు ఆ దీపాలు బదులు చెప్పవు.

రెండవ నిజాము కొలువులో మన్ననలందిన గాయని, కవయిత్రి మహలఖాబాయి చందా (1768–1824). ఉర్దూలో గజళ్ళ దీవాన్ సంతరించిన తొలి మహిళలలో ఆమె ఒకరు. నగరానికి ఈశాన్యాన, మౌలాలి కొండ దిగువన, తల్లి స్మృత్యర్థం తాను 1792లో కట్టించిన తోటలోనే, తల్లి ప్రక్కన ఆమె సమాధి ఉన్నది. సౌధాన్ని చూసి ఆ తోటను విడిచిన సంగీతయాత్ర అసంపూర్ణమని మా అభిప్రాయం.

శిథిలమయిన గోడను మరల నిలుపవచ్చును. చౌమహల్లాయే పునరుద్ధరణానంతరం 2005లో ప్రజలకు తెరువబడినది. పాడేవారూ వినేవారూ కరవయిన పాటను మాత్రం ఏ శిల్పీ నిలుపలేడు. కావున వచ్చే యాత్రను మౌలాలి వరకు సాగించవలసినదిగా కళాశాల కార్యవర్గాన్ని కోరుతున్నాము. అక్కడ ఉర్దూ విద్యార్థులు చందా గజల్ ఒకటి వినిపించాలి. తెలుగు విద్యార్థులు దాని భావాన్ని మన భాషలో వివరించాలి. ఉభయభాషల కళాశాలకు ఇంతకంటె తగిన సంగీతయాత్ర వేరొకటి లేదు.