ఆపేసిన దారులు తొక్కేవాళ్ల ప్రణాళిక

మా ప్రాంతంలో నలుగురు కలిసి సైకిళ్ల మీద కనిపిస్తే జనం ముందు అడిగేది ‘ఏ పార్టీ?’ అని. అడిగినవాళ్ల తప్పేం లేదు. 1983లో ఎన్టీఆర్ సైకిల్ గుర్తు మీద గెలిచిన స్థానాల్లో మా గుడివాడ ఒకటి, ఆయన పుట్టిన నిమ్మకూరు మేం తిరిగే దారులకు కూతవేటులోనే ఉంది. పైగా మేం రాసుకున్న దీని పేరు కూడా ప్రణాళికే. అందుకని ముందే చెప్పేస్తున్నాం: మేం జెండా కట్టం, ఓటూ అడగం. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఉంటూ, నిర్వాహకులు మానేసిన దూరపు సవారీల దారుల్ని సొంతంగా తొక్కుకునే కొద్దిమందిమి.

దూరపు సవారీ అంటే బ్రెవె. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు గడువు, 300కి 20, 400కి 27, 600కి 40. పందెం కాదు. ముందొచ్చినవాడికీ చివరి నిమిషంలో రొప్పుతూ వచ్చినవాడికీ దక్కే గుర్తింపు ఒకటే. దారిలో అక్కడక్కడా కంట్రోళ్లుంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల కారు రాకూడదు. క్యాలెండరులోంచి ఆ సవారీ పేరు తీసేసిన రోజున కార్డూ పోతుంది, ముద్రా పోతుంది. రోడ్డు మాత్రం ఎక్కడికీ పోదు.

ఆపేసినవాళ్ల మీద మాకు కోపం లేదు. పదిమంది తొక్కాలంటే ఇద్దరు రాత్రంతా టీ కొట్టు బల్ల మీద దోమలు కొట్టుకుంటూ కూర్చోవాలి. ఆ ఇద్దరూ అలిసిపోతే, లేదా ఆ పదిమందీ నలుగురైతే, సవారీ ఆగిపోతుంది. 2020లో కోవిడ్ అయితే ప్రపంచమంతటా ఒక్కసారే ఆపేసింది. ఆగడం కొత్తా కాదు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెగాళ్ల పోటీగా 1951తో ముగిసింది. పందెంతో పనిలేని మామూలు సైకిలిస్టులు 1931 నుంచీ అదే దారిలో తొక్కుతున్నారు కాబట్టి దారి బతికింది. ఇప్పటికీ నాలుగేళ్లకోసారి వేలమంది 90 గంటల గడువులో ఆ 1,200 కిలోమీటర్లూ తిరిగొస్తారు. ఇంగ్లండులో, అమెరికాలో అయితే ఏడాదిలో ఏ రోజైనా తొక్కుకునే దారులకు పర్మనెంట్లని పేరు పెట్టుకున్నారు. మేం చేసేది ఆ కోవలోదే, కాకపోతే మాకు ముద్ర వేసే సంఘం లేదు.

కాబట్టి మాకు మేం పెట్టుకున్న మొదటి కట్టుబాటు ఇది. దారి అందరిదీ, పేరూ పతకమూ మాత్రం నిర్వాహకులవి. ఆగిపోయిన సవారీ పేరు చెప్పుకుని ‘పూర్తి చేశాం’ అనం. పాత పతకం బొమ్మ పెట్టుకోం. ఎవరి దగ్గరా రుసుము తీసుకోం. గడువు మాత్రం పాతదే, నిమిషం కూడా పెంచం. రుజువుకి కొట్లో టీ తాగి ఫోనులో డబ్బు కడితే వచ్చే మెసేజీ చాలు, అందులో టైము ఉంటుంది. కొట్టు కట్టేసి ఉంటే కిలోమీటరు రాయికి సైకిల్ ఆనించి ఫోటో. హంసలదీవిలో అయితే వేణుగోపాలస్వామి గుడి ముందు. ఇవన్నీ మనల్ని మనం మోసం చేసుకోకుండా ఉండటానికే, ఇంకెవరికీ చూపించక్కర్లేదు.

ఇక దారి సంగతి, అసలు గొడవంతా ఇక్కడే. నిర్వాహకులు మలుపులన్నీ రాసిచ్చిన పాత కాగితంలో ‘లాకుల దగ్గర ఎడమకి’ అని ఉంటుంది. వెళ్లి చూస్తే లాకులు ఉంటాయి, ఎడమ పక్క బాట రొయ్యల చెరువు గట్టయి ఉంటుంది. అప్పుడేం చెయ్యాలి? చక్రం పట్టేంత దారి ఉంటే పాత మలుపే తిరగాలి. అది ఒకరి గట్టయితే చెరువు మీదున్న మనిషిని అడగాలి. కాదంటే మారుమాట లేకుండా వెనక్కి తిరిగి చుట్టూ పోవాలి. చుట్టుదారికి గడువు పెరగదు. బైపాసు మాత్రం ఆఖరి మాట. పెడన, గుడ్లవల్లేరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి ఊళ్లలోంచి పోయేలా గీసిన దారిని వదిలి ఊళ్ల పక్కనుంచి పోతే అది వేరే దారి. మారిన ప్రతి మలుపూ కాగితం మీద తేదీ వేసి రాయాలి, పాత మలుపుని కొట్టెయ్యకూడదు. పదేళ్ల తర్వాత ఆ కాగితమే డెల్టా ఎలా మారిందో చెబుతుంది.

డెల్టాలో ఘాట్లు లేవు కాబట్టి సుళువనుకుంటారు బయటివాళ్లు. పైరగాలికి ఎదురుగా అవనిగడ్డ నుంచి కోడూరు దాకా ఒక మధ్యాహ్నం తొక్కితే తెలుస్తుంది. కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ ధాన్యం మీద చక్రం పడకూడదు. దిగి నడిపించుకుంటూ పోవాలి, పోయే నిమిషాలు మనవే.

మాలో ఒకడికి కోడూరు దాటాక రాత్రి పదకొండింటికి వెనక టైరు దిగిపోయింది. ట్యూబు సంచిలో ఉంది, గాలిపంపు ఇంట్లో గూట్లో ఉంది. అరుగు మీద మంచం వేసుకున్న ఒక పెద్దావిడ లేచి టార్చి వేసింది.

“ఇంత రాత్రప్పుడు ఎవరు పంపించారు నాయనా నిన్ను?”

“ఎవరూ పంపలేదండి, మామ్మగారూ.”

“మరి ఎవరికి ఫోను చేస్తావ్?”

దానికి వాడి దగ్గర జవాబు లేదు. చెంబుతో మంచినీళ్లు తాగి, సైకిల్ నడిపించుకుంటూ తెల్లారేసరికి అవనిగడ్డ చేరాడు. నిర్వాహకుడు ఉన్న రోజుల్లో కార్డు వెనక ఒక నంబరు ఉండేది. అందుకే ఇప్పుడు ఒక్కరే పోవడానికి ఒప్పుకోం, తక్కువలో తక్కువ ఇద్దరు. ముందూ వెనకా లైట్లు, మెరిసే పట్టీ వేసిన జాకెట్టు. ఇంట్లో ఒకరికి ఏ ఊరికి ఎన్నింటికి చేరతామో రాసిచ్చి బయల్దేరాలి. తుపాను హెచ్చరిక వస్తే సవారీ రద్దు, వాదన లేదు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ ప్రతిపాదించలేదు, అందరం ఒప్పుకున్నాం. 1977 నవంబర్ 19న ఉప్పెన ఇదే నేల మీంచి పోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మాకు మలుపుల పేర్లు కావచ్చు, అక్కడి ఇళ్లలో ఆ తేదీ వేరు. ఆ రోజున దివిసీమలో మేం గడియారం పెట్టుకుని తొక్కం. ఊరికే వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చు.

చేరడానికి దరఖాస్తు లేదు. ఖరీదైన సైకిలూ అక్కర్లేదు, గేర్లు లేని నల్ల సైకిల్ మీద వచ్చినా గడువు అదే. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బందరు కోనేరు సెంటర్లో కలుస్తాం. ఐదూ ఐదుకి కదులుతాం. గాలిపంపు చేత్తో పట్టుకుని చూపించనివాళ్లని మాత్రం ఆ రోజు బయల్దేరనివ్వం.